థొరాంగ్ లా మీదుగా సైకిల్ రేసు: ముందే పరిగెత్తినవాడు ఎందుకు వెనకబడతాడు?

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ జరిగే మౌంటెన్ బైక్ స్టేజ్ రేసు ఒకటుంది, పేరు యాక్ ఎటాక్. 2007లో మొదలైంది. మర్స్యాంగ్డీ నది లోయ వెంట పైకెక్కి, 5,416 మీటర్ల ఎత్తులో ఉన్న థొరాంగ్ లా కనుమ దాటి, అవతల కాళీగండకి లోయలోకి దిగడం దీని అసలు కథ. దారి మారుతూ వచ్చింది, స్టేజీల సంఖ్యా మారింది, అయినా ఈ రేసు పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది ఆ కనుమే. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన మౌంటెన్ బైక్ రేసు అని నిర్వాహకులు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, ఆ మాత్రం హక్కు వాళ్లకుంది.

ఈ రేసును బయటినుంచి చూసేవాళ్లకి మాత్రం చాలా విషయాలు అయోమయంగా ఉంటాయి. కింద పదుల కిలోమీటర్లు తొక్కినవాళ్లు పైకి వెళ్లాక పదిహేను కిలోమీటర్లకే ఆ రోజుకి చాలనుకుని ఆగిపోతారు. రేసు మధ్యలో ఒకరోజు ఏమీ చేయకుండా కూర్చుంటారు. అసలైన రోజున సైకిల్ తొక్కడం మానేసి వీపున మోసుకుంటూ నడుస్తారు. ఇదేం సైకిల్ రేసు అనిపించడంలో తప్పులేదు. కానీ ఆ లోయలో గాలి ఎలా ఉంటుందో తెలిస్తే ఒక్కొక్కటీ అర్థమవుతుంది. గాలి అంటే ఊపిరికి అందే గాలీ, ఎదురొచ్చే గాలీ రెండూ.

ముందు స్టేజ్ రేసు లెక్క చూద్దాం. రోజుకో స్టేజ్ ఉంటుంది, ప్రతి స్టేజ్‌కీ మీకు పట్టిన టైమ్ రాసుకుంటారు, అన్నీ కలిపితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లే విజేత. ఒక్క స్టేజ్ కూడా గెలవకుండా రేసు గెలిచేయవచ్చు, నాలుగు స్టేజీలు గెలిచి ఒక్కరోజు కుప్పకూలి మొత్తం పోగొట్టుకోనూవచ్చు. ఇంతవరకూ రోడ్డు సైక్లింగ్‌లోనూ ఇదే. కొండదారుల్లో తేడా ఏమిటంటే పక్కనే కారులో మెకానిక్ రాడు, టైరు చీలినా చైన్ తెగినా మీ జేబులో ఉన్నదానితోనే సర్దుకోవాలి. ఒక్కో రేసుకి ఒక్కో నియమం అదనం. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్‌లో ఇద్దరిద్దరు జట్టుగా తొక్కాలి, ఇద్దరి మధ్య రెండు నిమిషాలకి మించి ఎడం ఉంటే పెనాల్టీ. అక్కడ రేసు సగం జోడీ కుదరడంలోనే ఉంటుంది. ఆల్ప్స్‌లో జరిగే ట్రాన్సాల్ప్ కనుమ మీద కనుమ దాటిస్తుంది, కానీ సాయంత్రానికి మళ్లీ ఏదో ఊళ్లోకి, మామూలు గాలిలోకి దింపేస్తుంది.

అన్నపూర్ణలో అలా దింపడం కుదరదు. దారంతా ఒకే లోయ, ఒకే వైపు, పైకి. లోయ కింద ఉన్న బేసిసహర్ ఊరు సుమారు 800 మీటర్లు. అక్కడ వరి పొలాలు, ఉక్కపోత. చామే 2,670. మనాంగ్ 3,540. కనుమ పాదం దగ్గరుండే థొరాంగ్ ఫేదీ 4,500కి కాస్త అటూ ఇటూ. ఆపైన 5,416. రైడర్ రాత్రి పడుకునేది కూడా ఈ మెట్ల మీదే, చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

పైకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు, సముద్రం ఒడ్డున ఎంతో థొరాంగ్ లా మీదా అంతే, 21 శాతానికి ఒక పిసరు తక్కువ. తగ్గేది గాలి ఒత్తిడి. కనుమ మీద అది సముద్ర మట్టంలో ఉండేదానిలో సగానికి కొంచెం ఎక్కువ, అంటే ఒక్కో శ్వాసకీ లోపలికి చేరే ఆక్సిజన్ దాదాపు సగమే. దాంతో శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ఆ కొలత మూడో వంతుకు పైగా పడిపోతుంది. ఎంత శిక్షణ ఉన్నవాళ్లకైనా పడిపోతుంది. బాగా శిక్షణ పొందినవాళ్లకి నష్టం ఇంకాస్త ఎక్కువని కూడా చెబుతారు, ఎందుకంటే వాళ్ల గుండె రక్తాన్ని ఊపిరితిత్తుల గుండా ఎంత వేగంగా తోస్తుందంటే, పల్చటి గాలిలో ఆ రక్తానికి ఆక్సిజన్ నింపుకునే తీరిక ఉండదు.

ఇది కాళ్లలోకి ఎలా దిగుతుందో చూడండి. కింద గంటసేపు పెడల్ మీద 280 వాట్ల శక్తి నిలబెట్టగల రైడర్ ఉన్నాడనుకుందాం. ఫేదీ దాటాక అతని దగ్గర మిగిలేది 180 వాట్లు. మనిషి, సైకిలు, సంచీ కలిపి 85 కిలోలు. రాళ్లు తేలిన ఇరవై శాతం వాలు మీద ఆ 180 వాట్లతో వచ్చే వేగం గంటకి మూడున్నర కిలోమీటర్లు. నడిచినా అంతే వస్తుంది! పైగా ఆ వేగంలో హ్యాండిల్ నిలవదు, ముందు చక్రం రాయికి తగిలి పక్కకి తిరుగుతుంది, కాలు కింద పెట్టి మళ్లీ పెడల్ మీద పెట్టడానికే గుండె గొంతులోకి వస్తుంది. వెనక పెద్ద పళ్లచక్రం 52 పళ్లదే ఉండనివ్వండి, గేరు ఎంత తేలికైనా అది లేని ఆక్సిజన్ని తెచ్చిపెట్టదు. అందుకే తెలివైనవాళ్లు అహం పక్కన పెట్టి ముందే దిగిపోతారు, సైకిల్ ఫ్రేమ్‌ని వీపున సంచీ మీద అడ్డంగా వేసుకుని ఒక చేత్తో ముందు ఫోర్కు పట్టుకుని నడుస్తారు. చూసేవాళ్లకి ఓడిపోయినట్టు కనిపిస్తుంది గానీ లెక్క వాళ్లవైపే ఉంది.

సరే, అంత కష్టమైతే మరి త్వరగా ఎక్కి త్వరగా దిగిపోవచ్చు కదా?

కుదరదు. ఎత్తుకు శరీరం అలవాటు పడటానికి రోజులు పట్టాలి. పర్వతాల్లో వైద్యులు చెప్పే పద్ధతి ఏమిటంటే, 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తుకి వెళ్లొచ్చినా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. మనాంగ్ నుంచి ఫేదీకి ఎత్తు దాదాపు వెయ్యి మీటర్లు పెరుగుతుంది. ఒక్క గెంతులో అంత పైకి వెళ్లి పడుకుంటున్నారు కాబట్టే దానికి ముందు మనాంగ్‌లో ఆగడం. ఆ ఊళ్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల వైద్య శిబిరం 1981 నుంచీ ఉంది, సీజన్లో అక్కడి వైద్యులు ట్రెక్కర్లకి ఎత్తు జబ్బు గురించి వివరంగా చెబుతారు. తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం దాకా ఫర్వాలేదు, ఆగితే తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరడం మొదలైతే మాత్రం ఇక రేసూ లేదు గీసూ లేదు, వెంటనే కిందికి దించాలి, లేకపోతే ప్రాణం పోతుంది.

రైడర్‌కీ ట్రెక్కర్‌కీ ఒక తేడా ఉంది. ట్రెక్కర్ ఆయాసం వస్తే ఆగుతాడు, రేసులో ఉన్నవాడికి ఆయాసమే ఉద్యోగం. గట్టిగా తొక్కి వచ్చిన తలనొప్పో, నీళ్లు తాగక వచ్చిందో, ఎత్తు వల్ల వచ్చిందో విడదీసి చెప్పుకోవడం అతనికే కష్టం. పక్కవాడు ముందుకి వెళ్లిపోతున్నాడన్న టెన్షన్లో "ఏం లేదులే" అనుకోవడం మరీ సులువు. ఈ రేసులో నిజంగా భయపడాల్సింది లోతైన లోయల గురించి కాదని నా అభిప్రాయం, ఈ "ఏం లేదులే" గురించే.

మందు వేసుకోవచ్చు కదా అనే ప్రశ్న కూడా వస్తుంది. ట్రెక్కర్లు చాలామంది డయామాక్స్ వేసుకుంటారు, అసలు పేరు ఎసిటజోలమైడ్. అది మూత్రం ఎక్కువ చేసే మందుల జాబితాలోకి వస్తుంది కాబట్టి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. వైద్య కారణం చూపించి అనుమతి తెచ్చుకుంటే తప్ప, ఆ నిబంధనల కింద పోటీపడే సైక్లిస్ట్ దాన్ని వాడకూడదు. అదే దారిలో అదే రోజు నడిచే పర్యాటకుడికి ఉన్న సౌకర్యం, అతనికంటే పదిరెట్లు కష్టపడే రైడర్‌కి లేదు. నిషేధానికి కారణం వేరే, ఒంట్లో ఇంకేవైనా మందులుంటే వాటి జాడ చెరిపేయడానికి ఇలాంటివి పనికొస్తాయని. న్యాయమా అంటే నాకైతే సగం సగంగానే అనిపిస్తుంది.

స్టేజ్ రేసు అంటే తొక్కడం సగం, కోలుకోవడం సగం. సాయంత్రం కడుపునిండా తిని రాత్రి గాఢంగా నిద్రపోయినవాడు మర్నాడు మనిషిలా లేస్తాడు. నాలుగు వేల మీటర్లలో ఆ రెండూ దొరకవు. ఆకలి చచ్చిపోతుంది, ఎదురుగా దాల్ భాత్ పళ్లెం ఉన్నా నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ ఎగశ్వాసగా మొదలవుతుంది. పక్క మంచం మీద ఉన్నవాళ్లకి హడలు పుడుతుంది గానీ ఆ ఎత్తులో అది చాలామందికి మామూలే. ఇలా రెండు మూడు రాత్రులు గడిచాక, మొదటి రోజు లోయ కింద ఎనిమిది నిమిషాలు ఆధిక్యం తెచ్చుకున్న కుర్రాడి దగ్గర ఇంకేం మిగులుతుంది? ఆ ఎనిమిది నిమిషాలకి తగలేసిన శక్తి తిరిగి రాదు.

ఇక్కడే ఫలితాల లెక్క తేలిపోతుంది. కింద రెండు గంటల స్టేజ్‌లో ఇద్దరు మంచి రైడర్ల మధ్య తేడా ఐదు శాతం ఉందనుకోండి, అది ఆరు నిమిషాలు. కనుమ రోజున ఒకరు మూడు గంటల్లో ఎక్కి, ఇంకొకరు తలనొప్పితో పది అడుగులకోసారి ఆగుతూ నాలుగు గంటలు తీసుకుంటే తేడా అరవై నిమిషాలు. అంటే కింద పది రోజులు పోగేసినది ఒక్క పొద్దులో పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చామే దాకా ఏదో పిక్నిక్‌కి వచ్చినట్టు తొక్కుతారు, ముందు గుంపు కనుచూపు మేరలో ఉంటే చాలు.

కనుమ ఎక్కడం తెల్లవారకముందే మొదలుపెట్టాలి, తలకి లైట్ కట్టుకుని. ఇది సాహసం కోసం కాదు. పొద్దెక్కేకొద్దీ కనుమ మీద గాలి బలపడుతుంది, మంచు ఉంటే ఎండకి మెత్తబడి కాలు మోకాలిదాకా దిగిపోతుంది. చీకట్లో అదే మంచు గట్టిగా ఉండి బరువు మోస్తుంది, కాకపోతే జారుతుంది. సైకిల్ బూట్ల అడుగున పెడల్‌కి తగిలించే ఇనుప ముక్క ఉంటుంది కదా, గడ్డ కట్టిన మంచు మీద దాన్ని మించిన శత్రువు లేదు, అందుకే బూట్లకి ముళ్ల పట్టీలు తొడుక్కుంటారు. నీళ్ల సంచీ గొట్టంలో నీళ్లు గడ్డకట్టేస్తాయి, సీసాని జాకెట్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

ఈ కనుమ ఎంత ప్రమాదకరమో తెలుగువాళ్లకి ఇంకో దారిలో కూడా తెలుసు, చాలామంది ఆ రెంటినీ కలిపి చూసి ఉండరంతే. 2014 అక్టోబర్ 12న విశాఖని ఊడ్చేసిన హుద్‌హుద్ గుర్తుందిగా. తీరం దాటాక బలహీనపడి ఉత్తరాదికి వెళ్లిన ఆ తుఫానే అక్టోబర్ 14న హిమాలయాలకి తగిలి, థొరాంగ్ లా చుట్టుపక్కల గంటల్లో మీటరుకి పైగా మంచు కురిపించింది. ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, స్థానికులు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. నేపాల్ చరిత్రలో ట్రెక్కింగ్‌కి సంబంధించి అంత ఘోరం అంతకుముందు లేదు. ఆకాశం నీలంగా ఉండే అక్టోబర్, అదీ ఏటా వేలమంది నడిచే దారి. రేసు పెట్టేవాళ్లకి ఇందులో అర్థమయ్యేది ఒకటే: వాతావరణం బాగోకపోతే కనుమ స్టేజ్‌ని ఆపేసే అధికారం వాళ్ల చేతిలో ఉండాలి, ఆపితే టైమ్ ఎలా లెక్కిస్తారో రేసు మొదలవ్వకముందే రాసిపెట్టి ఉండాలి. లేకపోతే ముందున్నవాడు దాటేద్దామంటాడు, వెనకున్నవాడు రద్దు చేయమంటాడు.

దిగడం ఇంకో లోకం. కనుమ నుంచి ముక్తినాథ్ దాకా పది కిలోమీటర్ల దూరంలో 1,600 మీటర్లకి పైగా కిందికి. వేళ్లు చలికి కొయ్యబారి ఉంటాయి, బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు, మెదడు ఇంకా సగం ఆక్సిజన్‌తోనే నడుస్తోంది. ఎక్కడంలో ఆరోగ్యం పోగొట్టుకునేవాళ్లు కొందరైతే ఇక్కడ కాలర్ ఎముక విరగ్గొట్టుకునే అవకాశం అందరికీ సమానం.

టైర్ల సంగతి చాలామంది అడుగుతారు, అంత ఎత్తుకి వెళ్తే గాలి ఉబ్బి టైరు రాయిలా అయిపోదా అని. లెక్కేస్తే సరదాగా ఉంటుంది. బేసిసహర్‌లో పాతిక డిగ్రీల ఎండలో 22 పీఎస్‌ఐ కొట్టారనుకుందాం. కనుమ మీద బయటి ఒత్తిడి పడిపోవడం వల్ల గేజ్ మీద దాదాపు ఆరు పెరగాలి. కానీ అక్కడ మైనస్ పది డిగ్రీల చలి ఉంటే లోపలి గాలి ముడుచుకుని నాలుగు తగ్గుతుంది. చివరికి చేతికి వచ్చేది 23, 24. ఎత్తు ఇచ్చినదాన్ని చలి చాలావరకు వెనక్కి లాగేసుకుంటుంది, కాబట్టి అక్కడ పంపు తీసి గాలి సర్దనక్కర్లేదు. ఇంతోటి చలిలో పంపు పట్టుకునేంత ఓపిక ఎవరికుంటుంది కూడా.

ముక్తినాథ్ మనవాళ్లకి కొత్త కాదు, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికే కాళీగండకి నది ఈ కిందే. ఆ నది హిమాలయాలు లేవకముందే ప్రవహిస్తుండేదనీ, కొండలు పైకి లేస్తుంటే అది కోసుకుంటూ తన దారి తను నిలబెట్టుకుందనీ భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఫలితంగా ఒకపక్క 8,167 మీటర్ల ధవళగిరి, ఇంకోపక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, మధ్యలో ఇరుకైన సందులా ఈ లోయ. పగలు ఎండకి టిబెట్ పీఠభూమి వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి దక్షిణం నుంచి గాలి ఈ సందులోంచే దూసుకెళ్తుంది. పొద్దున్న ప్రశాంతంగా ఉంటుంది, పదీ పదకొండుకి మొదలై మధ్యాహ్నానికి ఇసుకా గులకరాళ్లూ ముఖాన కొట్టేంత అవుతుంది. ఈ లోయలోని జోమ్‌సోమ్ ఊరికి విమానాలు పొద్దున్నే వచ్చి వెళ్లిపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు రైడర్ ఎటు వెళ్తున్నాడు? దక్షిణానికి, నది వెంట కిందికి. అంటే సరిగ్గా ఎదురుగాలి. మ్యాప్ మీద వాలు కిందికే కనిపిస్తుంది, ఇక హాయిగా జారిపోవచ్చని కొత్తవాళ్లు మురిసిపోతారు, తీరా చూస్తే పెడల్ ఆపగానే సైకిల్ ఆగిపోతుంది! కనుమ దాకా ఒంటరి పోరాటంగా సాగిన రేసు ఇక్కడ ఉన్నట్టుండి రోడ్డు రేసులా మారుతుంది. ఒకరి వెనక ఒకరు దాక్కుని తొక్కితే ముందున్నవాడితో పోలిస్తే వెనకవాడికి నాలుగో వంతు శ్రమ తగ్గుతుంది, కాబట్టి నిన్నటిదాకా మొహం చూసుకోనివాళ్లు వంతులు వేసుకుని ముందుకొస్తారు. గుంపు జారవిడుచుకున్నవాడి పని అంతే. స్టేజ్ ఎన్నింటికి మొదలుపెట్టారన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది, ఆరింటికి బయల్దేరితే ఒక రేసు, పదింటికైతే ఇంకో రేసు. నెమ్మదిగా తొక్కేవాళ్లకి ఇందులో రెండింతల అన్యాయం. గట్టివాళ్లు గాలి లేవకముందే చేరిపోతారు, వీళ్లు అలసిపోయి, గాలి బాగా ముదిరాక, ఒంటరిగా దొరికిపోతారు.

నేపాలీలు గెలుస్తారు కాబట్టి వాళ్ల రక్తంలోనే ఉందనే మాట తరచూ వినిపిస్తుంది. అజయ్ పండిత్ ఛెత్రి లాంటివాళ్లు ఈ రేసు ఒకటికంటే ఎక్కువసార్లు గెలిచిన మాట నిజమే. అయితే పలుసార్లు గెలిచినవాళ్లలో కెనడాకి చెందిన కోరీ వాలెస్ కూడా ఉన్నాడు. టిబెటన్ మూలాలున్నవాళ్లకి ఎత్తుకు తగ్గ జన్యు మార్పులున్నాయని 2010లో వెలువడ్డ పరిశోధనలు చూపించాయి, కానీ నేపాలీలందరూ ఆ మూలాలవాళ్లు కారు, ఖాట్మండూ లోయ ఎత్తు 1,400 మీటర్లే. రాయీ రప్పా దారుల్లో చిన్నప్పటినుంచీ సైకిల్ నడిపిన అలవాటు, ఏ ఊరికి ఏ వేళ గాలి లేస్తుందో తెలియడం, స్థానిక తిండి కడుపుకి పడటం వీటికి ఎవరూ పెద్దగా మార్కులు వేయరు. కడుపు పాడై విదేశీ రైడర్లు వెనకబడటం ఇక్కడ మామూలు సంగతి, దానికి జన్యువులతో పనేముంది?

ఈ రేసుకి ఇంకో సమస్య నెమ్మదిగా పెరుగుతోంది, అదే రోడ్డు. ఒకప్పుడు కాలిబాట మాత్రమే ఉన్న మర్స్యాంగ్డీ లోయలో ఇప్పుడు మనాంగ్ దాకా జీపులు వెళ్తున్నాయి, అవతల జోమ్‌సోమ్, ముక్తినాథ్‌లకి బస్సులే ఉన్నాయి. లోయలో ఉండేవాళ్లకి అది ఆసుపత్రికి దారి, ఆపిల్ పళ్లు అమ్ముకునే దారి, వద్దనడానికి మనమెవరం. కానీ రేసుకి మాత్రం దుమ్ము, హారన్లు, మలుపులో ఎదురొచ్చే టిప్పర్లు. నిర్వాహకుల ముందు రెండే దారులున్నాయి: జీపు రోడ్డునే స్టేజ్‌గా ఒప్పుకోవడం, లేదా నదికి అవతలి ఒడ్డున మిగిలిన పాత కాలిబాటల్ని వెతికి, వేలాడే వంతెనల మీదుగా దారి మళ్లించడం. రెండోదానికి ట్రెక్కర్లతో, కంచరగాడిదల బారులతో ఇరుకు దారి పంచుకోవాలి, స్టేజ్ టైమ్‌లు పెరుగుతాయి, గాయపడినవాళ్లని బయటికి తేవడం కష్టమవుతుంది. నన్నడిగితే కిలోమీటర్లు తగ్గించైనా పాత బాటలే ఎంచుకోవాలి, సహాయక బృందాన్ని రెట్టింపు చేసుకుని.